టమాటా – మా ఇంటి అనుభవము

ఆరోగ్యమే మహాభాగ్యమని పెద్దల మాట. ఆ భాగ్యము కొంతవరకు మన వంటింటిలోనే ఉన్నదనియు, అపోహల వలన దానిని మనమే దూరము చేసికొందుమనియు మా ఇంటి అనుభవము మాకు నేర్పినది.

ఉద్యోగరీత్యా శ్రీకాకుళం ప్రాంతము నుండి వచ్చి ఆదిత్యపూర్‌లో స్థిరపడిన కుటుంబము మాది. శీతకాలములో పటందా వైపు పల్లెల నుండి జంషెడ్‌పూర్ బజారులకు టమాటాలు రాశులుగా వచ్చును. మా నాయనమ్మ వాటిని చివరి వరకు ‘రామములగ పండ్లు’ అనియే పిలిచెడిది. వాటిని నిప్పులపై కాల్చి, వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఆవనూనె చేర్చి నూరే ఇక్కడివారి చట్నీ మాకు ఎంతో ఇష్టమైనది.

అటువంటిది, మా నాన్నగారికి మూత్రపిండములో రాయి ఏర్పడగానే మా ఇంట టమాటా నిషిద్ధమైనది. ‘ఆ గింజల వల్లనే రాళ్ళు వస్తాయి’ అని ఎవరో అన్నారు, మేము నమ్మినాము. నాటి నుండి పప్పులోనికి, చారులోనికి చింతపండే గతి.

రెండు సంవత్సరములు గడచిన పిదప మా అమ్మాయికి నీరసము, మెట్లు ఎక్కిన ఆయాసము మొదలైనవి. పరీక్షలో రక్తహీనత బయటపడినది. వైద్యురాలు ఇనుము మాత్రలు వ్రాసి, ఆహారము గురించి అడిగినారు. పప్పు, ఆకుకూరలు రోజూ పెడుతున్నామని మేము కొంత గర్వముగనే చెప్పినాము. “వాటితో పాటు నిమ్మకాయో, టమాటాయో, జామకాయో పెడుతున్నారా?” అని ఆమె అడుగగా మేము మౌనము వహించినాము.

శాకాహారములోని ఇనుము సులభముగా ఒంటబట్టదనియు, విటమిన్ ‘సి’ తోడైనచో ఎక్కువగా గ్రహింపబడుననియు, భోజనము కాగానే త్రాగే టీ దానిని అడ్డుకొనుననియు ఆమె వివరించినారు. చింతపండులో పులుపే గాని విటమిన్ ‘సి’ స్వల్పము. రాళ్ళ సంగతి చెప్పగా ఆమె నవ్వినారు. పాలకూరతో పోల్చినచో టమాటాలో ఆక్సలేటు ఎంతో తక్కువ. కొలిమి వేడిలో పనిచేసిన మా నాన్నగారు చాలినంత నీరు త్రాగకపోవుటయే పెద్ద కారణమై ఉండవచ్చునని ఆమె అభిప్రాయము. తప్పు ఒకటైతే శిక్ష వేరొకదానికి వేసినామని అప్పుడు తెలిసినది.

100 గ్రాముల పచ్చి టమాటాలో సుమారు 94 గ్రాములు నీరే. శక్తి 18 కేలరీలు మాత్రమే. విటమిన్ ‘సి’ దాదాపు 14 మిల్లీగ్రాములు, పొటాషియం 240 మిల్లీగ్రాముల వరకు ఉండును. ఆ ఎర్రని రంగునకు కారణమైన లైకోపీన్ అను పదార్థము, పండును నూనెతో వండినప్పుడు శరీరమునకు మరింత చక్కగా అందును. విటమిన్ ‘సి’ మాత్రము ఎక్కువసేపు ఉడికించిన నశించును. కావున కొంత పచ్చిగాను, కొంత వండియు తినుట మేలు. కాల్చి ఆవనూనె కలిపే ఇక్కడి చట్నీలోను, నూనెలో మగ్గించే మన పచ్చడిలోను ఎంత వివేకమున్నదో!

అయితే హెచ్చరికలూ కలవు. నిలవ పచ్చడిలో ఉప్పు అధికము. రక్తపోటు గలవారు దానిని మితముగా తినవలెను. మూత్రపిండముల పనితీరు బాగా తగ్గినవారు పొటాషియం విషయమున వైద్యుని సలహా పాటించవలెను. గుండెలో మంట గలవారికి దీని పులుపు పడకపోవచ్చును. 2023 జూలైలో వలె కిలో ధర వంద రూపాయలు దాటిన రోజులలో నిమ్మ, జామ, ఉసిరి ఆదుకొనగలవు.

కొన్ని నెలలకు మా అమ్మాయి కోలుకొన్నది. ఆ ఘనత ముఖ్యముగా మాత్రలదే. టమాటా తోడు నిలిచినదని మాత్రమే చెప్పగలము. నాన్నగారి ప్రక్కన ఇప్పుడు ఎల్లప్పుడు నీళ్ళ చెంబు ఉండును. ఆయన కంచములో టమాటా పప్పు ఉండును. ఎవరో చెప్పిన మాట విని ఒక ఆహారమును వెలివేయుటకు ముందు ఒకసారి వైద్యుని అడుగవలెనని మా సోదర ఉద్యోగుల కుటుంబములకు మా మనవి.