ఉండటానికో బ్యాటరీ... తిరిగి రావడానికో బ్యాటరీ!

వ్యానులో ఉండే బ్యాటరీ పని ఏమిటి? బండిని స్టార్ట్ చేయడం. మరి అదే బ్యాటరీతో రాత్రంతా ఫ్యాను తిప్పి, లైటు వేసి, చిన్న ఫ్రిజ్ నడిపితే? పొద్దున్నే బండి కదలదు. అడవి అంచున రెండు రాత్రులు గడపాలనుకున్న ఖమ్మంలోని ఓ కుటుంబానికి ఈ సంగతి అనుభవం మీద తెలిసింది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఎవరు కూర్చున్నా బ్యాటరీ కబుర్లే!

ఆ ఇంటాయన బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. తల్లికి ఎనభై ఏళ్లు. భద్రాద్రి రాముణ్ని చూడాలి, పర్ణశాలకు వెళ్లాలి, గోదావరి ఒడ్డున తీరిగ్గా కూర్చోవాలి... ఆవిడ కోరికలు ఇంతే. కానీ లాడ్జి మెట్లు ఎక్కలేరు. రోజూ ఇన్సులిన్ తీసుకోవాలి. అందుకే ఆయన ఓ పాత వ్యాను కొన్నారు. ఆర్టీఏ అనుమతి తీసుకుని వెనక సీట్లు తీయించి రెండు మంచాలు, ఓ గ్యాస్ పొయ్యి, ఓ బుల్లి ఫ్రిజ్ పెట్టించారు. బ్యాటరీ గురించి మాత్రం ఆలోచించలేదు.

మొదటి ప్రయాణం మండువేసవిలో. పర్ణశాల దగ్గర తెలిసినవాళ్ల ఇంటి ఆవరణలో బండి ఆపుకున్నారు. తెల్లారి తాళం తిప్పితే ‘టిక్’మన్న శబ్దం తప్ప సెల్ఫ్ అందుకోలేదు. అటుగా వచ్చిన మరో వ్యాను డ్రైవరు తన బ్యాటరీ నుంచి కేబుళ్లు తగిలించాక బండి కదిలింది. ఈలోపు ఫ్రిజ్ ఎన్ని గంటలు ఆగిపోయిందో ఎవరికీ తెలియదు. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. అనుమానం ఉన్న మందు అమ్మకు ఇవ్వలేరు కదా! అది పారేసి భద్రాచలంలో కొత్తది కొన్నారు.

పరుగు వేరు... మోత వేరు

బండి బ్యాటరీ వంద మీటర్ల పరుగు పందెం వీరుడి లాంటిది. లోపల పలకలు పల్చగా, ఎక్కువగా ఉంటాయి. కొన్ని సెకన్లలోనే వందల యాంపియర్లు ఇచ్చేస్తుంది. కానీ మెల్లమెల్లగా ఖాళీ చేస్తే తట్టుకోలేదు. పదేపదే అలా చేస్తే త్వరగా మూలపడుతుంది. ఇంట్లో ఇన్వర్టర్‌కి పెట్టే ట్యూబులర్ బ్యాటరీ మాత్రం మూటలు మోసే మనిషిలాంటిది. గంటల తరబడి కొద్దికొద్దిగా ఇస్తుంది. అందుకే వ్యానులో ఉండాలంటే రెండో బ్యాటరీ కావాలి. ఒకటి అక్కడ ఉండటానికి, ఇంకొకటి ఇంటికి తిరిగి రావడానికి. మొదటిది ఎంత వాడినా రెండోది ఖాళీ కాకూడదు. ఇదీ అసలు సూత్రం.

ముందు నోటు పుస్తకం

‘ఏ బ్యాటరీ కొనాలి?’ అని ఆయన దుకాణాలు తిరుగుతుంటే, ఆయన భార్య నోటు పుస్తకం తీశారు. ‘ముందు మనకెంత కావాలో రాద్దామండీ’ అంటూ లెక్క మొదలుపెట్టారు. ఫ్రిజ్ ఆగుతూ నడుస్తూ సగటున 25 వాట్లు తీసుకుంటుంది. అంటే రోజుకు 600 వాట్-అవర్లు. 15 వాట్ల ఫ్యాన్లు రెండు పదేసి గంటలు తిరిగితే 300. లైట్లకు 50, సెల్‌ఫోన్లకు 50. మొత్తం వెయ్యి. అంటే సరిగ్గా ఒక యూనిట్!

కొడుకు ఏసీ కావాలన్నాడు. చిన్న ఏసీ అయినా గంటకే ఆ యూనిట్‌లో చాలా భాగం తాగేస్తుంది. దాన్ని కొట్టేశారు. 750 వాట్ల మిక్సీ 12 వోల్టుల బ్యాటరీ నుంచి అరవైకి పైగా యాంపియర్లు లాగుతుంది. పచ్చడి ఇంట్లోనే నూరుకొస్తే సరి. అదీ కొట్టేశారు. చివరికి పుస్తకంలో గుండ్రంగా సున్నా చుట్టింది ఒక్కదానికే... ఫ్రిజ్. మిగతావన్నీ ఆగినా ఫర్వాలేదు, అది ఆగకూడదు.

సీసమా... లిథియమా?

సీసం బ్యాటరీని ఫ్రాన్స్‌కు చెందిన గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టాడు. చౌక, ఎక్కడైనా దొరుకుతుంది, ఏ మెకానిక్ అయినా చూస్తాడు. కానీ ఎక్కువ కాలం మన్నాలంటే అందులో సగమే వాడాలి. రోజుకో యూనిట్ కావాలంటే 100 ఏహెచ్‌వి రెండు పెట్టాలి. బరువు అరవై కిలోల పైమాటే. డిస్టిల్డ్ వాటర్ పోస్తుండాలి. ఛార్జింగ్ వేళ హైడ్రోజన్ వస్తుంది కాబట్టి గాలి ఆడని చోట, పడుకునే మంచం కింద పెట్టకూడదు. ఎండ వేడికి ఆయుష్షూ తగ్గుతుంది.

రెండోది లిథియం ఐరన్ ఫాస్ఫేట్. అమెరికాలోని టెక్సస్ యూనివర్సిటీలో జాన్ గుడెనఫ్ బృందం దీన్ని 1997లో లోకానికి పరిచయం చేసింది. ఆ పరిశోధనలో మనవాళ్లయిన పాధి, నంజుండస్వామి పేర్లూ ఉన్నాయి. గుడెనఫ్‌కు మరో ఇద్దరితో కలిపి 2019లో నోబెల్ వచ్చింది. ఈ బ్యాటరీ 100 ఏహెచ్‌ది ఒక్కటే సుమారు 1,280 వాట్-అవర్లు దాచుకుంటుంది. అందులో ఎనభై శాతం నిశ్చింతగా వాడుకోవచ్చు. బరువు పన్నెండు కిలోల చిల్లర. రెండు వేల సార్లకు పైగా ఛార్జ్ చేయొచ్చు. ధర మాత్రం ఎక్కువ. ఏడాదికి ఒకసారి వెళ్లేవాళ్లకు సీసం చాలు. నెలనెలా తిరగాలనుకున్న ఈ కుటుంబం లిథియం వైపు మొగ్గింది.

దారే ఛార్జర్

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాదాపు మూడు గంటల దారి. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ 30 యాంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్ రెండో బ్యాటరీని నింపుతుంది. మూడు గంటల్లో 90 ఏహెచ్... అంటే దాదాపు నిండినట్టే! మామూలు రిలేతో కలిపేస్తే లిథియం ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగి ఆల్టర్నేటర్‌ను వేడెక్కించవచ్చు. అందుకే ఈ ఛార్జర్. ఇంజిన్ ఆపగానే అది రెండు బ్యాటరీలనూ విడదీస్తుంది.

పైన 200 వాట్ల సోలార్ పలక కూడా బిగించారు. ఇక్కడో తిరకాసు ఉంది. చల్లగా ఉంటుందని చెట్టు కింద ఆపితే సోలార్ పనిచేయదు. ఎండలో ఆపితే లోపల ఉడికిపోతారు. అందుకే పగలు భోజనాల వరకు బండి ఎండలో, మనుషులు నీడలో! అన్నట్టు, అటవీ శాఖ అనుమతి లేకుండా అడవి లోపల రాత్రి బస చేయకూడదు. ఊరి అంచున, స్థలం వాళ్లను అడిగి ఆగడమే పద్ధతి.

బిగించిన ఎలక్ట్రీషియన్ రెండు మాటలు చెప్పాడు. ‘సార్, బ్యాటరీ ప్లస్ దగ్గరే ఫ్యూజు ఉండాలి. వైరు సన్నగా ఉంటే వేడెక్కి కాలిపోద్ది.’ ఇంకో మీటరూ పెట్టాడు. లిథియం బ్యాటరీ వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పడం కష్టం. ఎంత లోపలికి వెళ్లింది, ఎంత బయటికి వచ్చింది లెక్కగట్టి శాతం చూపించే మీటరు అది. ఇవన్నీ ఉన్నా, పెద్దావిడ ఓ మట్టికుండను మాత్రం వదల్లేదు. ఫ్రిజ్ ఆగిపోతే తడిపిన కుండలో మందు కాస్తయినా చల్లగా ఉంటుందని.

పోయిన చలికాలంలో మూడు రోజులు వెళ్లారు. వాపసు వచ్చే రోజు సాయంత్రం ఆవిడ గోదావరి వైపు చూస్తూ ‘ఏరా, ఇంకో రాత్రి ఉంటే కుదరదా?’ అనడిగారు. కొడుకు ఏదో చెప్పబోయేంతలో కోడలు మీటరు చూశారు. 71 శాతం.

‘ఉందాం అత్తయ్యా’ అన్నారు.