అమ్రోలిలో అట్టకత్తి వీరుడు

సూరత్ నగరం నుండి తాపీ నదిని దాటి ఉత్తరపు గట్టుకు చేరితే అమ్రోలి వస్తుంది. ఒకప్పుడిది గ్రామం, నేడు మహానగరంలో కలిసిపోయింది. యాత్రికులు వెతుక్కుంటూ వచ్చే చోటు కాదు. ఊరికంటె ముందు మరమగ్గాల హోరు ఎదురువస్తుంది.

ఆ మగ్గాల మీద పనిచేసేవారిలో ఎందరో ఒడిశాలోని గంజాం జిల్లావారు. 1936 వరకు ఆ సీమ మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. కనుక ఇక్కడ తెలుగు మాట వినిపించడం వింత కాదు. నదికి ఆవల లింబాయత్‌లో వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుండి తరలివచ్చిన పద్మశాలీలు ఉన్నారు. సూరత్ నగరపాలక సంస్థకు తెలుగు మాధ్యమ పాఠశాలలున్నాయంటే వారి సంఖ్యను ఊహించుకోవచ్చు.

సాయంకాలం ఒక టీ దుకాణం ముందు, రాత్రి పాళీకి వెళ్ళవలసిన కార్మికుడొకడు చేతిఫోనులో పాత చిత్రం చూస్తున్నాడు. 1965 నాటి ‘జ్వాలాద్వీప రహస్యం’. బి. విఠలాచార్య దర్శకుడు, కాంతారావు కథానాయకుడు.

ఉడిపి ప్రాంతం నుండి వచ్చి తెలుగువారి ‘జానపద బ్రహ్మ’ అయిన విఠలాచార్య పొదుపుకు పెట్టింది పేరు. ఒకసారి వేసిన సెట్టునే రంగు మార్చి మరల వాడేవాడు. నేటి కంటికి ఆ కోటగోడలు అట్టలనీ, ఆ కిరీటాలు గిల్టువనీ ఇట్టే తెలిసిపోతుంది. నేనూ నవ్వాను.

అతడు తల ఎత్తి అన్నాడు: “కత్తి అట్టదని నాకూ తెలుసు బాబూ. తిప్పే చెయ్యి అట్టది కాదు కదా!”

నా నవ్వు ఆగిపోయింది. ఆ చెయ్యి నేటి సూర్యాపేట జిల్లా గుడిబండలో 1923లో పుట్టిన కాంతారావుది. ‘కత్తి’ అన్నమాట ఇంటిపేరైపోయేంతగా ఆయన కత్తియుద్ధాలు చేశాడు. ఎన్నో రాజ్యాలు తెరమీద గెలిచి, తానే చిత్రాలు నిర్మించి ఉన్న ఆస్తి పోగొట్టుకున్నాడు. 2009లో కన్నుమూశాడు. కిరీటం గిల్టుదే, నష్టం మాత్రం అసలైనది.

సూరత్ జరీకి తరతరాల ప్రసిద్ధి ఉన్నది. వెండితీగను సన్నగా సాగదీసి, రేకుగా అణచి, పట్టుదారానికి చుట్టి, బంగారుపూత పూస్తే అసలు జరీ. వెండి స్థానంలో రాగితీగ వాడితే నకిలీ జరీ. పాలియెస్టర్ పొరకు లోహపు తళుకు అద్దినది మరింత చౌక. పేదింటి పెళ్ళికూతురి చీర అంచున మెరిసేది తరచు ఈ చౌక జరీయే. అయినంతమాత్రాన ఆమె పెళ్ళి నకిలీది కాదు; ఆ చీర నేసినవాని పన్నెండు గంటల పాళీ నకిలీది కాదు.

చౌక చిత్రం కూడా అటువంటిదే. రాజ్యం చూడగల స్తోమత లేనివారికి అది ఒక రాజ్యాన్ని నేల టిక్కెట్టు ధరకు చూపింది.

పాళీ మారే వేళ అయింది. కథ ఇంకా సగంలోనే ఉంది. అతడు ఫోను ఆపి జేబులో పెట్టుకున్నాడు.

“చివర చూడవా?” అన్నాను.

“తెలిసినదే బాబూ, గెలుస్తాడు” అంటూ మగ్గాల హోరులోకి నడిచాడు.