ఈ ఏడాది నాకు నచ్చిన గోల

ప్రియమైన మీకు,

చలి ముదిరింది కదా, తెల్లవారుజాము నడకలు సాగుతున్నాయా, దుప్పట్లో ముడుచుకున్నారా? ఈ ఏడాది మీకు బాగా నచ్చిన పాటలేమిటని మీలో కొందరు అడిగారు. ఏ కచేరీ పేరో చెబుతానని ఎదురుచూస్తూ ఉంటారు. నవ్వనంటే చెబుతాను. గాయని చార్లీ ఎక్స్‌సీఎక్స్ ఆల్బం ‘బ్రాట్’.

2024 జూన్ 7న వచ్చింది. కళ్లు జిగేలుమనే పచ్చటి అట్ట, దాని మీద మసక మసకగా పేరు. గాయని బొమ్మయినా లేదు. 15 పాటలు, 41 నిమిషాలు.

“ఈ వయసులో మీకీ క్లబ్బు గోలేమిటండీ?” అంటారు, నాకు తెలుసు. నిమజ్జనం రోజు డీజే బాక్సుల ముందు గుండె దడదడలాడుతుంటే, మన కాళ్లు మనల్ని అడిగే కదిలాయా? ఇదీ అంతే. మొదటి పాట ‘360’ మొదలయ్యాక నేను కుర్చీలో కూర్చోలేను.

చార్లీ ఇంగ్లండులోని ఎసెక్స్‌లో పెరిగింది. తల్లిది ఉగాండా నుంచి వెళ్లిన గుజరాతీ కుటుంబం. బడికి వెళ్లే వయసులోనే లండన్‌లో రాత్రంతా సాగే రేవ్ పార్టీల్లో పాడేది. తోడుగా అమ్మానాన్నలు వెళ్లేవారు! ఆ దంపతులకు నా నమస్కారం.

అయితే నన్ను పట్టుకున్నది దరువొక్కటే కాదు. అంత హోరులోనూ ఈమె మనసులో మాట దాచుకోదు. ఒక పాటలో తోటి గాయనితో తనకున్న ఎడాన్ని, అసూయను బయటపెట్టేసింది. ఆ గాయని లార్డ్, కోపగించుకోకుండా అదే పాట రీమిక్స్‌లో తన వైపు మాట పాడింది. ఉత్తరాలు రాసుకునే మనకు అంతకన్నా మంచి జవాబు ఏముంటుంది? ‘సో ఐ’ మాత్రం జవాబు రాని పాట. 2021లో ఏథెన్స్‌లో చనిపోయిన సంగీతకర్త సోఫీ బతికుండగా ఇంకాస్త దగ్గరగా మెలగలేకపోయానే అన్న బాధ అది. అది విన్నప్పుడు మీరూ ఎవరినో తలుచుకుంటారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది చివరి మలుపు. 14వ పాటలో స్టాక్‌హోమ్‌లో స్నేహితుల పసిబిడ్డను చూసి, తనకూ పిల్లలు కావాలా, అప్పుడీ పని ఏమవుతుందని నెమ్మదిగా ఆలోచిస్తుంది. తేల్చుకోదు. వెంటనే ‘365’ వచ్చి పడుతుంది. మొదటి పాట బాణీనే, వెర్రెక్కినట్టు! కొందరు దీన్ని తప్పించుకోవడం అంటారేమో. నాకలా అనిపించదు. తేలని ప్రశ్నతోనే మనమూ మర్నాడు పనిలో పడతాం కదా.

ఫోన్ స్పీకర్లో మాత్రం వినకండి, బేస్ అంతా పోతుంది. మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పాటల వరస మార్చకుండా వినండి. విన్నాక నన్ను తిట్టుకున్నా సరే, ఆ తిట్లు ఉత్తరంలో రాసి పంపండి.

ఎప్పటికీ మీ

నేను