35 చుక్కల్లో పట్టని ఊరు

మాది చివ్వెంల, సూర్యాపేట పక్కన. పలకడం తేలిక. చేత్తో రాయడమూ తేలికే. చుక్కల్లో రాయాలంటే మాత్రం ఈ మూడక్షరాలూ చుక్కలు చూపిస్తాయి. నడిమి అక్షరం చూడండి: వ్వెం. వ నెత్తిన ఎత్వం, కింద వ వొత్తు, పక్కన సున్నా. ఒక్క అక్షరం రెండంతస్తుల మేడ, దానికో పిట్టగోడ, పక్కనో గాబు.

అదే ఇంగ్లీషు అక్షరానికి అడ్డం 5, నిలువు 7, మొత్తం 35 చుక్కలు చాలు. చిన్న ఎల్‌సీడీ తెరల్లో చాలాకాలంగా నడుస్తున్న లెక్క ఇది. ఆ పేదరికంలోంచే వాళ్ళకొక అందం పుట్టింది. 1984లో వచ్చిన మాకింటాష్ కోసం సుజన్ కేర్ 'చికాగో' అక్షరాలను గళ్ళలోనే గీసింది. ఆ మరుసటేడు జుజానా లిచ్కో చుక్కల మెట్లను దాచకుండా, వాటినే అందంగా చూపే ఫాంట్లు చేసింది. ఇప్పుడు తెరల్లో చుక్కలకు కొదవ లేదు. అయినా బొద్దుగా, మెట్లు మెట్లుగా ఉండే పిక్సెల్ ఫాంట్లు కొత్తగా వస్తూనే ఉన్నాయి. 'ప్రెస్ స్టార్ట్ 2పీ' అనే ఫాంటుకు ఆధారం 1980ల నాటి నామ్కో వీడియో గేముల అక్షరాలు. దాన్ని చూస్తే నాకూ మనసు లాగుతుంది. టీవీకి తగిలించిన ఆట, 'గేమ్ ఓవర్' అని వెలిగే రాత, సెలవుల మధ్యాహ్నాలు గుర్తొస్తాయి.

కానీ ఆ జ్ఞాపకం ఇంగ్లీషులో ఉంది. ఆ రోజుల్లో నా తెలుగు ఎక్కడుంది? బస్సు నొసటన రేకు బోర్డు మీద, గోడ మీద, సినిమా పోస్టరు మీద ఉంది. అన్నీ కుంచె రాతలే. సీ-డాక్ వాళ్ళ జిస్ట్ కార్డు కంప్యూటర్ తెర మీద మన లిపులను చూపించిన మాట నిజమే, కానీ అది ఆఫీసుల సంగతి. మాలాంటి వాళ్ళ దాకా తెలుగు తెర మీదికి వచ్చేసరికి వంపులున్న నున్నటి ఫాంట్లే వచ్చాయి. సిలికానాంధ్ర పుణ్యమా అని 'రామభద్ర' లాంటి బొద్దు శీర్షిక ఫాంట్లు ఉచితంగా కూడా దొరుకుతున్నాయి. అంటే మనం చుక్కల దశను దాటలేదు, దాన్ని దూకి వచ్చాం. వాళ్ళకు పిక్సెల్ అక్షరం పాత ముచ్చట. మనకది చెయ్యకుండా వదిలేసిన పని.

ఆ పని మిగిలిపోతే నష్టపోయేది మా నాయినమ్మ లాంటివాళ్ళు. ఆమె రాత్రిబడిలో అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకుంది. రేకు బోర్డులున్నంత కాలం బస్సు ఎక్కడికి పోతుందో ఎవర్నీ అడగలేదు. అది ఆమెకు గర్వం. ఒకరోజు ఎర్ర చుక్కల్లో తెలుగు పరుగెత్తే బోర్డున్న బస్సొకటి వచ్చి ఆగింది. వొత్తులు అక్షరానికి అతుక్కుపోయి ఉన్నాయి. "ఏందిరా, చీమలు పాకినట్టున్నది. కండ్లకు ఆనుతలేదు," అంది. పక్కనున్న పిల్లను అడిగి ఎక్కింది. దారి పొడుగునా మాట్లాడలేదు.

ఆ తర్వాత నేను గ్రాఫ్ పుస్తకం కొన్నాను. ఎత్తు 16 వరుసలు అనుకున్నాను. దూరం నుంచి కనపడాలి కాబట్టి గీత మందం రెండు చుక్కలు. నడుమ బొక్క ఒక్క చుక్కే అనుకున్నా వొత్తుకు 5 వరుసలు కావాలి. దాని మీద ఖాళీ 1, అక్షరానికి 8, మళ్ళీ ఖాళీ 1, ఎత్వానికి 3. మొత్తం 18. రెండు ఎక్కువ. అక్షరాన్ని కుదిస్తే వ, దాని వొత్తు ఒకే సైజుకొస్తాయి, ఏది తల్లో ఏది పిల్లో తెలియదు. పైగా తల దగ్గర కాస్త తెరిచి ఉంటే ప, మూసుకుపోతే వ. ద కింద చిన్న గీత పెడితే ధ. మనకు ఒక్క చుక్క తేడాతో మాటే మారిపోతుంది.

దారి చూపింది పాత గోడలే. మా దగ్గర పేంటర్లు అక్షరానికి లావు కుంచె, వొత్తుకు సన్న కుంచె పట్టేవాళ్ళు. నేనూ వొత్తు గీతను ఒక్క చుక్కకు తగ్గించాను. 5 వరుసలు 3 అయ్యాయి. మొత్తం సరిగ్గా 16.

గళ్ళలో వంపు తేవడం మన చేతులకు కొత్తేమీ కాదు. పాత నల్లగొండ జిల్లాలోనే పోచంపల్లి, పుట్టపాక ఉన్నాయి. అక్కడ డిజైను ముందు గ్రాఫ్ కాగితం మీద గీసుకుని, దాని ప్రకారం నూలుకు ముడులు కట్టి రంగులద్దుతారు. చీర మీద నెమలి మెడ వంపు కూడా దగ్గరికెళ్ళి చూస్తే మెట్లే. ఆ మెట్లు కంటికి అడ్డం రావు, ఎందుకంటే గీసినవాళ్ళు ముందు నెమలిని చూశారు, తర్వాత గళ్ళను చూశారు. తెలుగు పిక్సెల్ ఫాంటు చెయ్యబోయేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. ఇంగ్లీషు గళ్ళు తెచ్చి అందులో మన అక్షరాన్ని కుక్కకండి. అక్షరానికి ఎన్ని గళ్ళు కావాలో ముందు అక్షరాన్నే అడగండి.

నేను ఫాంటు చేసే మనిషిని కాను. మా దిక్కు బస్సుల పేర్లు గీస్తున్నాను, అంతే. కోదాడకు ఒక్క వొత్తూ లేదు, ఆ ఊరివాళ్ళు అదృష్టవంతులు. సూర్యాపేట, మిర్యాలగూడ రెంటికీ ఒకే 'ర్యా' పనికొచ్చింది. ఇప్పుడు తుంగతుర్తి దగ్గర ఉన్నాను. 'ర్తి'లో గుడి కుదిరింది, త వొత్తు ఇంకా కుదరలేదు.