ఖాళీగా గడిచే గంటలు

"మందులు వాడుతున్నాడుగా, ఇంకా ఏ పనీ చేయడేం?" అని స్కిజోఫ్రేనియా ఉన్నవాళ్ల గురించి తరచూ వింటాం. రోజంతా ఎక్కడ, ఎలా గడుపుతున్నాడో మాత్రం ఎవరూ అడగరు. 1960ల్లో పరిశోధకులు జాన్ వింగ్, జార్జ్ బ్రౌన్ ఇంగ్లండ్‌లోని మూడు మానసిక ఆసుపత్రుల్లో ఈ జబ్బుతో దీర్ఘకాలంగా ఉన్న స్త్రీలను కొన్నేళ్లపాటు గమనించారు. సొంత వస్తువులు లేక, బయటి లోకంతో సంబంధం లేక, చేతికి పని లేక ఉన్నచోటే మాట తగ్గిపోవడం, ముడుచుకుపోవడం ఎక్కువగా కనిపించాయి. జబ్బు ముదిరినవాళ్లనే అలాంటి వార్డుల్లో పడేసి ఉంటారు కదా అనవచ్చు. న్యాయమైన సందేహమే. కానీ తర్వాతి ఏళ్లలో మెరుగుపడిన వాళ్లను చూస్తే, అన్నిటికన్నా బలంగా కనిపించిన మార్పు ఒకటే: ఏమీ చేయకుండా గడిపే సమయం తగ్గడం.

మందులు అక్కర్లేదని కాదు. భ్రమలను మందు తగ్గిస్తుంది. పొద్దున్నే లేచి ఎసరు పెట్టాలంటే మాత్రం ఒక పొయ్యి, కలిసి తినే మనుషులు ఉండాలి. చెన్నైలో మొదలైన బన్యన్ సంస్థ 'హోమ్ అగైన్' పేరుతో చేస్తున్నది ఇదే. ఏళ్లతరబడి ఆసుపత్రిలో ఉండిపోయిన నలుగురైదుగురు మామూలు వీధిలో అద్దెకు ఉంటారు, సహాయకులు తోడుంటారు. అలాంటి ఇళ్లు లేనిచోట "అయితే భారమంతా ఇంటివాళ్లదేనా?" అనేవారి ఆవేదన నిజం, మన ఇళ్లలో అది చివరికి తల్లి మీదే పడుతుంది. అందుకే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 19వ సెక్షన్ గుర్తుచేస్తున్నాను. కుటుంబం కాదన్నదనో, ఇల్లు లేదనో ఎవరినీ ఆసుపత్రిలోనే ఉంచేయకూడదు. హాఫ్‌వే హోమ్‌లు, గ్రూప్ హోమ్‌ల ఏర్పాటు ప్రభుత్వ బాధ్యత. మన ఊళ్లో అవి ఎక్కడున్నాయని అడుగుదాం.