మధ్యలో జారిపోయిన బండి

"పరీక్ష ఎలా రాశావురా?" అంటే "నల్లేరు మీద నడకే!" అంటాడు కుర్రాడు. ఎన్నికలొస్తే ఫలానావారి గెలుపు నల్లేరు మీద నడకేనని పేపర్లూ రాస్తాయి. అందరూ నడిచేవాళ్లే! మన పెద్దలన్నది మాత్రం "నల్లేరు మీద బండి నడక". మధ్యలో బండి ఎక్కడో జారిపోయింది.

బండి లేకపోతే ఆ సామెతకు అర్థమే లేదు. పట్నంలో పెరిగిన పిల్లలు నల్లని ఏరేమో అనుకుంటారు గాని, నల్లేరు ఏరు కాదు, తీగ. జమ్మలమడుగు, పులివెందుల వైపు మెట్టచేల కంచెల మీద పాకుతుంది. కణుపు కణుపుగా గొలుసులా వుంటుంది గనుక సంస్కృతంలో అస్థిశృంఖల, అంటే ఎముకల గొలుసు అన్నారు. సిస్సస్ క్వాడ్రాంగులారిస్ అన్న శాస్త్రనామం దాని నాలుగు పలకల కాడను బట్టి వచ్చిందే. ఆ కాడ నిండా రసం. ప్రొద్దుటూరు దగ్గర పెన్న ఇసుకలో బండి దిగితే ఎద్దులు నురగలు కక్కాల్సిందే. వానపడ్డ నల్లరేగడిలో చక్రం కూరుకుపోతుంది. నల్లేరు మీదైతే కాడలు మెత్తగా నలిగి, బండి కుదుపు లేకుండా సాగిపోతుంది. అదీ సంగతి.

వట్టి కాళ్లతో నడిచి చూడండి మరి! నల్లేరు పచ్చడి నూరినవాళ్లకు చెప్పనక్కర్లేదు. అందులో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. చేతులకు నూనె రాసుకుని, లేత కణుపులు ఏరి, నార తీసి, బాగా వేయించి, చింతపండు దండిగా వేస్తే గాని దురద లొంగదు.

ఇంగ్లీషువాళ్లకూ ఈ తిప్పలు తప్పలేదు. గుర్రానికి పగ్గం వదిలినట్టు స్వేచ్ఛ ఇవ్వడాన్ని వాళ్లు "ఫ్రీ రెయిన్" అంటారు. గుర్రాలు పోయి కార్లొచ్చాక, చాలామంది ఆ రెయిన్‌లో ఒక "జి" ఇరికించి రాస్తున్నారు. పలకడం ఒకటే, కాని అర్థం పగ్గం కాదు, ఏలుబడి! అక్కడ గుర్రం పోయింది, ఇక్కడ బండి పోయింది. వస్తువు కంటికి దూరమైతే మాట దారి తప్పుతుంది.

ఇంటిపనిని కూడా నల్లేరు మీద నడకతో పోల్చేవాళ్లున్నారు. "మీకేం, హాయి" అని వాళ్ల భావం. సంసారపు బండి కుదుపు లేకుండా సాగుతున్న మాట నిజమే. బండిలో కూర్చున్నవాళ్లకు దారి మెత్తగానే వుంటుంది. చక్రం కింద నల్లేరును మాత్రం ఎవరూ అడగరు. ఈసారి ఆ మాటంటే, సామెతలో బండిని తిరిగి పెట్టి, "నల్లేరెవరండీ?" అని అడగండి!