పరాచికానికి ఇంగ్లీషు

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకై బిలాస్‌పూర్ చేరిన తెలుగు కుటుంబాలలో మాదీ ఒకటి. గోల్ బజార్‌లో హిందీలో బేరమాడుతూనే, పక్కనున్న వదినతో తెలుగులో పరాచికాలాడటం మాకు పరిపాటి.

ఆ మాటకు ఇంగ్లీషు విశేషణమేదని మనుమరాలు అడిగింది. ‘మాకింగ్’ ఎగతాళి, ‘సార్కాస్టిక్’ వెటకారం. ‘సిల్లీ’ తెలివితక్కువతనం (పూర్వం దానికి ధన్యమైనదని అర్థమట!). ‘ప్లేఫుల్’ దగ్గరిదే గాని, కుక్కపిల్లకూ చెల్లుతుంది. ఇవన్నీ నవ్వు తీరును చెప్పేవే. పరాచికం చెప్పేది వరుసను. బావ అంటే పరాచికమైన మాటే పరాయివాడు అంటే వెకిలితనం.

మనుమరాలికి మేనత్త లేదు, మేనమామ లేడు. ఇక బావలూ వదినలూ ఎక్కడివారు? ఎవరితో ఆడమని ఆ మాట నేర్పను?